తెల్లగా వదిలిన చోటు

మా అటక మీద ఒక రేకు గొట్టం ఉంది. అందులో చుట్టి పెట్టిన పటం ఒకటి. ఏడాదికోసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, దాన్ని దించి నేల మీద పరుస్తాను. చుట్ట విప్పగానే మళ్ళీ ముడుచుకుంటుంది కాబట్టి నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాలి. కాగితం పచ్చబడింది, అంచులు పెళుసెక్కాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మోనియా వాసన ఇంకా సన్నగా తగులుతుంది.

అది కొల్లేటి పటం. 1970ల చివర, ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో, ట్రేసింగ్ క్లాత్ మీద నా చేత్తో గీసిన దానికి నకలు. మా ఊళ్ళో ఉద్యోగం ముఖం చూసిన మొదటివాణ్ణి నేను. నా మొదటి పెద్ద పని మా కొల్లేరే కావడం అప్పట్లో నాకు ఎంత గర్వమో చెప్పలేను.

పటంలో ముఖ్యమైనవి కాంటూరు గీతలు. సముద్ర మట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోయే గీత అది. కొండ ప్రాంతంలో ఈ గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. కొల్లేట్లో ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య మైళ్ళ దూరం. కృష్ణ, గోదావరి డెల్టాల నడుమ అరచెయ్యిలా లోతు తక్కువగా పల్లమైన నేల అది. మూడడుగుల గీత దాకా నీరుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల గీతకి వస్తే 308. పదడుగులకి వస్తే 901. ఏడడుగుల నీరు పెరిగితే ఆరు రెట్లకి పైగా పరుచుకుంటుందన్నమాట. వానాకాలం పొంగడం, వేసవికి తీయడం, ఇదే కొల్లేటి నడక.

ఆ గీతలన్నీ చెయ్యి వణక్కుండా గీశాను. లోపల మాత్రం తెల్లగా వదిలేశాను. మధ్యలో ఎడంగా పెద్ద అక్షరాలతో కొల్లేరు అని రాసి, అక్కడక్కడ చిత్తడి గుర్తులు, లంక ఊళ్ళ పేర్లు పెట్టాను. అంతకుమించి అక్కడ రాయాల్సిందేమీ లేదని పైవాళ్ళు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ తెల్లటి చోట్లోనే మా తాత డెబ్భై ఏళ్ళు బతికాడు.

*

మాది లంక ఊరు. వేట మా వృత్తి. తాతకి అక్షరం రాదు. ఆయన ఆస్తి ఒక తాటి దోనె. ముదురు తాటి మానుని లోపల తొలిచి చేస్తారు దాన్ని. రెండు మానులు పక్కపక్కన జోడిస్తే మనిషి నిలబడి గడ వేసినా ఒరగదు. తెల్లవారుజామున తాత వెనక నిలబడి గడ వేస్తుంటే నేను ముందు ముడుచుకుని కూర్చునేవాణ్ణి. మంచు పట్టిన రోజుల్లో దోనె ముక్కు కూడా కనిపించేది కాదు. తాత గడ దించి, అడుగున బురద ఎంత మెత్తగా దిగుతుందో చేత్తోనే చూసి, "గొరకల గుంట వచ్చిందిరా అబ్బాయ్" అనేవాడు. ఇంకాసేపటికి, "ఇది సున్నపు మెరక". ఇంకాసేపటికి, "ఇక్కణ్ణుంచి పరజల మాటు. దగ్గకు".

నాకు ఆ నీరంతా ఒక్కలాగే కనిపించేది. ఆయనకి ప్రతి పాతిక బారలకి ఒక పేరుంది. గొరకల గుంట, కిక్కిసదిబ్బ, సున్నపు మెరక, పశువుల రేవు, మంచినీళ్ళ మడుగు, పరజల మాటు, అమ్మోరి మలుపు. ఆ పేర్లలో ఒక్కటీ అలంకారానికి పెట్టింది కాదని నాకు తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. అక్కడి నీరు ఏ పని చేస్తుందో ఆ చోటుకి అదే పేరు.

గొరకల గుంట వేసవిలో కూడా ఎండని లోతు. చుట్టూ నీరు తీసిపోయాక గొరకలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు, కొరమీనులు అక్కడికి చేరి తలదాచుకునేవి. ఎండలు ముదిరిన నెలలో ఆ గుంటలో వల దించకూడదన్నది ఊరి కట్టు. తొలకరి పడగానే అదే చేప కొత్తనీటికి ఎదురెక్కి సరస్సంతా పంచుకునేది. వానకి గొరక మొప్పలతో నేల మీద పాకుతూ గట్టెక్కడం నేను కళ్ళారా చూశాను. ఉప్పుటేరు వైపు నుంచి పండుగప్ప ఎగువకి వచ్చేది. వెదురు పుల్లలతో అల్లిన మావుల్ని నీటి దారికి అడ్డంగా పాతి చేపల్ని పట్టేవాళ్ళం. పుల్లకీ పుల్లకీ మధ్య సందు ఎంత వదలాలో తాత వేలు పెట్టి చూపించేవాడు. ఆ సందులోంచి సన్నచేప జారిపోవాలి. జారిపోయిందే వచ్చే ఏటి కూడు.

కిక్కిసదిబ్బ మా ఇళ్ళ కప్పు. మనిషికి రెండింతల ఎత్తు పెరిగే కిక్కిసని కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి తెచ్చుకునేవాళ్ళం. దానికో ధర లేదు, కోతకూలే ధర. ఎగువ కాలువల నుంచి ఎర్రగా దిగిన నీరు ఆ కిక్కిస గుండా నడిచి అవతలికి వచ్చేసరికి తేటపడేది. ఆ తేటనీరు నిలిచే చోటే మంచినీళ్ళ మడుగు. మా అమ్మా, మామ్మా ఇత్తడి బిందెలతో దోనెలో వెళ్ళి తెచ్చేవాళ్ళు. వానాకాలం కాస్త మడ్డిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు, పొద్దుటికి బిందె అడుగు కనిపించేది. కిక్కిసకీ ఆ మడుగుకీ సంబంధం ఉందని మా మామ్మకి తెలుసు. కప్పు కోసం కోసేటప్పుడు ఎగువ వరసలు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

సున్నపు మెరకలో నత్తగుల్లలు గంపలకొద్దీ దొరికేవి. వాటిని కాల్చి సున్నం చేసేవాళ్ళు. సంక్రాంతికి మా గోడలు తెల్లబడింది ఆ సున్నంతోనే, మా తాత తాంబూలం పండిందీ దానితోనే. అదే మెరక మీద ముక్కు మధ్యలో సందున్న నత్తగుల్ల కొంగలు బారులు తీరి నిలబడేవి. నత్తని పగలగొట్టకుండా లోపలి మాంసాన్ని లాగడానికే ఆ ముక్కు అలా ఉందని తాత చెప్పేవాడు.

వేసవికి నీరు తీసి, ఒండ్రు బయటపడగానే పశువుల రేవు పచ్చబడేది. మెట్ట ఊళ్ళలో గడ్డిపరక లేని రోజుల్లో అక్కణ్ణుంచి గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు. రెండు నెలలు మా ఊరు పాలతో కళకళలాడేది. అదే ఒండ్రులో వేసవి వరి చల్లేవాళ్ళు. ఎరువు పేరు మాకు తెలియదు. నీరు వెళ్తూ వెళ్తూ వదిలిపోయిందే ఎరువు.

పరజల మాటుకి చలికాలం ఉత్తరం నుంచి బాతులు దిగేవి. ఒక్కసారిగా లేస్తే రెక్కల చప్పుడుకి దోనె కింద నీరు కదిలేది. గూడబాతుల సంగతి మాత్రం నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేటి ప్రాంతంలో సుమారు 3 వేల గూడబాతులు గూళ్ళు కట్టిన కొలువుని చూసి, దాని గురించి 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ కొలువు 1975 ప్రాంతానికి లేకుండా పోయింది. నేను ఉద్యోగంలో చేరి పటం గీసే నాటికే దాని చోటు ఖాళీ అయిపోయింది. ఉన్నప్పుడు కూడా ఏ పటంలోనూ ఆ చోటుకి గుర్తు పెట్టినవాళ్ళు లేరు కాబట్టి, పోయిన సంగతీ పటం చూస్తే తెలియదు.

అమ్మోరి మలుపు దగ్గర తాత గడ ఆపి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. అక్కణ్ణుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి కనిపించేది. ఫాల్గుణంలో జాతర. లంకలన్నిటి నుంచీ పడవలు ఆ గుడివైపే సాగేవి. అక్కడే తాత నాకు పేరంటాలి కథ చెప్పాడు. గజపతుల కాలంలో కోట చుట్టూ నీరు నిండి ఉంటే, శత్రువు ఆ నీటిని సముద్రంలోకి తీసేయడానికి ఉప్పుటేరు తవ్వించాడట. నీరు కదలడానికి కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఆ చోటుని పేరంటాల కనుమ అంటారు. నిజం ఎంతో నాకు తెలియదు కానీ, కొల్లేటికి సముద్రంలోకి ఉన్న ఒకే ఒక్క నోరు ఉప్పుటేరు. ఆ నోటితో ఆడుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పడానికి మా పెద్దవాళ్ళు ఒక ఆడపిల్ల ప్రాణాన్నే గుర్తుగా పెట్టుకున్నారు.

ఇన్ని పేర్లున్నా, అన్నిటికన్నా పెద్ద పనికి మాత్రం పేరు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఎగువ వరదని మోసుకొచ్చి కొల్లేట్లో పోసేవి. ఆ నీరు ఒక్కచోట పోటెత్తకుండా మైళ్ళకొద్దీ పరుచుకుని, తీరిగ్గా ఉప్పుటేరు గుండా సముద్రానికి నడిచేది. సరస్సులో తగినంత మంచినీరు నిలిచి ఉన్నన్నాళ్ళూ సముద్రపు ఉప్పునీరు ఆ ఏటిలో ఎగువకి ఎక్కడానికి జంకేది. వరద వస్తే తాత భయపడ్డం నేను చూడలేదు. "చుట్టంరా. వస్తది, నాలుగు రోజులుంటది, పోతది. చుట్టానికి చాపెయ్యడానికి చోటుండాలి, అంతే" అనేవాడు. మా ఇళ్ళు మెరక మీదే కట్టుకున్నాం. చాప వేసే చోటు మాత్రం కొల్లేరంతా.

*

ఆ చోటు ఎలా ఇరుకయిందో చెప్పాలి. తప్పు ఒక్కరిది కాదు, మాది కూడా.

1970ల మధ్యలో లంక ఊళ్ళ పేదలకి సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిది. మా నాన్నకీ ఒక వాటా వచ్చింది. మొదటి పట్టుబడి డబ్బుతో మా అమ్మకి వెండి పట్టీలు కొన్నాడు, ఇంటికి పెంకు వేయించాడు. కిక్కిస కప్పు కింద తడిసిన పిల్లలకి పెంకుటిల్లు ఎంత సుఖమో తడిసినవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి చెరువుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

తరవాత పదిహేను ఇరవై ఏళ్ళలో బయటి డబ్బు వచ్చింది. సంఘాల చెరువులు లీజులకి పోయాయి. గట్టు మీద గట్టు లేచింది. మా నాన్న తన వాటా చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు. ఒక పొద్దున్న తాత దోనె వేసుకుని వెళ్ళి గంటకే తిరిగొచ్చాడు. "దారి లేదురా, గట్టు అడ్డమొచ్చింది" అన్నాడు. మర్నాడు ఇంకో వైపు వెళ్ళాడు. అటూ గట్టే. ఆ తరవాత దోనెని ఒడ్డున బోర్లించాడు. రెండు వానాకాలాలకి అది చివికిపోయింది. ఆయనా ఎక్కువ రోజులు ఉండలేదు.

పేర్లు పోవడం నేను గమనించింది అప్పుడే. గొరకల గుంట ఏది అని మా తమ్ముడి కొడుకుని అడిగితే, "అదా, అరవై ఎకరాలు" అన్నాడు. సున్నపు మెరక "నూరెకరాలు". పరజల మాటుకి లీజుదారుడి ఇంటిపేరు వచ్చింది. చోటు చేసే పని పోయి, చోటు కొలత మిగిలింది.

మంచినీళ్ళ మడుగు నీరు తాగడం మానేశాం. మేత, మందులు కలిసిన చెరువుల నీరు, ఎగువ పట్నాల మురుగు వచ్చి చేరాయి. ఇప్పుడు మా లంకలో డబ్బా నీళ్ళు కొంటారు. అప్పట్లో ఆ మడుగు చేసిన పనికి ఎంత విలువో ఎవరైనా అడిగితే నవ్వేవాళ్ళం. ఇప్పుడు డబ్బా ధర చెబితే చాలు.

1999లో ఐదడుగుల గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. నేను తెల్లగా వదిలేసిన చోటుకి నా గీతే హద్దయింది. 2002లో అది రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల పట్టికలోకి ఎక్కింది. కానీ అప్పటికే లోపల ఏం జరిగిందో ఆకాశం నుంచి తీసిన బొమ్మ చెప్పింది. 2001 ఫిబ్రవరి ఉపగ్రహ చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2004లో ప్రకటించారు. వాళ్ళు సరస్సుగా లెక్కించిన 245 చదరపు కిలోమీటర్లలో 42 శాతం చేపల చెరువులే. లెక్కకి 1,050. ఇంకో 8.5 శాతం పొలాలు. మిగిలిన దానిలో గుర్రపుడెక్క, గడ్డీ పోను, తేటనీరు ఆ చిత్రంలో ఎక్కడా కనిపించలేదు. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తేటనీటి మడుగు మీద దోనెలో కూర్చున్నవాణ్ణి నేను.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు కొట్టేశారు. యంత్రాలతోనూ, పేలుడు మందుతోనూ. ఆ చప్పుళ్ళు మా ఊరికి వినిపించాయి. పెద్దవాళ్ళ గట్లతో పాటు పేద సంఘాల గట్లూ పోయాయి. నీరు కదిలిందని సంతోషించాను, కూడు పోయిందని ఏడ్చేవాళ్ళని ఓదార్చాను. రెండూ ఒకే రోజు. కొన్నేళ్ళకి చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. గట్టు కొట్టినవాళ్ళ దగ్గరా, మళ్ళీ వేసినవాళ్ళ దగ్గరా పటాలున్నాయి. రెండు పటాల్లోనూ అక్కడ నీరు చేసే పని రాసి లేదు.

*

మా అన్నయ్య మనవరాలు భూగోళశాస్త్రం చదువుతోంది. నాలుగేళ్ళ కిందట సెలవులకి వచ్చినప్పుడు, అటక మీది గొట్టం దింపించి, పటం చూసి, "తాతయ్యా, లోపలంతా ఖాళీగా వదిలేశారేం?" అంది. నాకు చటుక్కున జవాబు తోచలేదు. ఆ పిల్లే చెప్పింది, ఇప్పుడు ప్రపంచమంతా ఆ ఖాళీనే నింపే పనిలో ఉందని.

ప్రకృతి మనకి చేసిపెట్టే పనుల్ని ఆవరణ వ్యవస్థల సేవలు అంటారట. 1997లో కొస్టాంజా అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్ళు 17 రకాల సేవలకి లెక్క కట్టి, భూమి ఏడాదికి చేసే పని విలువ సగటున 33 లక్షల కోట్ల డాలర్లన్నారు. అప్పటి ప్రపంచ దేశాలన్నిటి రాబడి కన్నా అది ఎక్కువ. 2005లో ఐక్యరాజ్యసమితి పూనికతో 1,360 మంది నిపుణులు చేసిన సహస్రాబ్ది మదింపు ఆ సేవల్ని నాలుగు కుప్పలు చేసింది. మొదటిది చేతికి అందేవి: చేప, గడ్డి, నీరు. రెండోది అదుపు చేసేవి: వరదని ఆపడం, మురికిని వడగట్టడం. మూడోది మనసుకి సంబంధించినవి: గుడి, జాతర, కథ. నాలుగోది వీటన్నిటికీ అడుగున ఉండి నిలబెట్టేవి: ఒండ్రు, పిల్లచేప పెరిగే చోటు. వాళ్ళు చూసిన 24 సేవల్లో 15 దిగజారిపోతున్నాయని తేలింది. 2011లో ఐరోపా సమాఖ్య తన సభ్య దేశాలన్నీ ఈ సేవల్ని పటాలకి ఎక్కించాలని పెట్టుకుంది. దేశాల ఆర్థిక లెక్కల పక్కన ప్రకృతి లెక్క రాయడానికి 2021లో ఐక్యరాజ్యసమితి ఒక పద్ధతి ఖాయం చేసింది.

ఇదంతా ఆ పిల్ల చెబుతుంటే నాకు తాత గొంతు వినిపించింది. గొరకల గుంట నాలుగో కుప్ప. మంచినీళ్ళ మడుగు మొదటిది, దాని ఎగువన కిక్కిస వరసలు రెండోది. అమ్మోరి మలుపు మూడోది. చుట్టానికి చాప వేసే చోటు మళ్ళీ రెండోది. దోనె ముందు భాగంలో కూర్చుని నేను విన్నది మదింపే. దాన్ని పనికిరాని కబుర్లనుకుని, పటం గీసే రోజున ఒక్క ముక్క రాయలేదు.

కలకత్తా తూర్పు చిత్తడి నేలల సంగతి కూడా అప్పుడే చెప్పింది. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు, నగరం మురుగు ఎటు పోతుందో వెతుక్కుంటూ నడిచి వెళ్ళి, చేపల చెరువుల్లో ఎండా, నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తున్నాయని, బెస్తలకి ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసునని కనిపెట్టాడు. ఆ పనిని ఆయన పటం మీద పెట్టి చూపించాడు. కొల్లేరుతో పాటు 2002లోనే ఆ నేలా రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. అక్కడా ఆక్రమణలు ఉన్నాయి. కానీ ఆ నేలని ఖాళీ అనడానికి ఇప్పుడు ఎవరికైనా సాక్ష్యం అడ్డం వస్తుంది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం పెద్ద కాగితం, రంగు పెన్సిళ్ళు తీసుకుని మా ఊరి పెద్దాయన దగ్గర కూర్చున్నాం. ఆయన మా నాన్నతో కలిసి వేట చేసినవాడు. చూపు మందగించింది. పటం ఆయనకి కనిపించదు. నేను అడిగాను: "బాబాయ్, గుడికి తూర్పుగా, పాత రేవు దాటాక ఏముండేది?" ఆయన గోడకి ఆనుకుని, చేత్తో గాలిలో గడ వేస్తున్నట్టు కదుపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఏ నెలలో ఏ చేప ఏ దారిన వచ్చేది, ఎక్కడ నీరు ముందు తీసేది, ఎక్కడ అడుగు గట్టి, ఎక్కడ మెత్తన. పిల్ల రంగులు వేస్తూ పోయింది. చేపకి నీలం, వడగట్టే కిక్కిసకి ఆకుపచ్చ, వరద నీటికి ఊదా, గుడికీ కథకీ పసుపు. దీపాలు పెట్టే వేళకి కాగితంలో తెల్లటి చోటు పెద్దగా మిగల్లేదు.

అప్పుడు నాకు ఒక విషయం తెలిసొచ్చింది. కొల్లేటిని పూడ్చినవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకి పటంలో తెల్లటి చోటు కనిపించింది. ఖాళీ చోట్లో ఏది పెట్టినా లాభమే అనిపిస్తుంది. చెరువు తవ్వితే ఎకరానికి ఇంత వస్తుందని ఒకవైపు లెక్క ఉంది. తవ్వితే పోయేదానికి మరోవైపు లెక్క లేదు. ఒకవైపే పళ్ళెం ఉన్న త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఆ రెండో పళ్ళెం పెట్టాల్సిన చేతుల్లో నా చెయ్యీ ఒకటి.

రూపాయల్లో విలువ కట్టడం అన్నిచోట్లా కుదరదు. అమ్మోరి మలుపుకి ఎంత కడతాం? కట్టకూడదు కూడా. కానీ ఏ చోటు ఏ పని చేస్తోంది, ఆ పని ఎవరికి అందుతోంది అన్న రెండు సంగతులూ పటంలో ఉండాలి. చేప లంకవాడికి అందుతుంది. వరదని ఆపడం ఎక్కడో ఎగువన ఉన్నవాడికీ, దిగువన ఉన్నవాడికీ అందుతుంది. లంకవాడి చెరువు కొట్టేస్తే దిగువవాడికి మేలు. ఆ మేలులో లంకవాడికి ఏం దక్కాలన్నది కూడా పటం చూసినవాడికి తట్టాలి. 2006లో అది తట్టలేదు. అందుకే గట్లు మళ్ళీ లేచాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు కట్టలు తెగి విజయవాడలో ఇళ్ళ మొదటి అంతస్తుల దాకా నీరు వచ్చింది. టీవీలో సింగ్ నగర్ వీధుల్లో పడవలు చూస్తూ కూర్చున్నాను. ఆ వరదకి కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ కొల్లేటి మీదికి తోయడం న్యాయం కాదు. కానీ బుడమేరు చివరికి దిగే చోటు కొల్లేరే. నగరంలో దాని ఒడ్డున కూడా ఎవరో ఒకప్పుడు ఖాళీ అనుకున్న తెల్లటి చోట్లు ఉండేవి. చుట్టం వచ్చాడు, చాప వేసే చోటు లేదు.

ఇప్పుడు ఆటపాక దగ్గర గూడబాతులు మళ్ళీ కనిపిస్తాయి. ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీద గూళ్ళు పెట్టుకుంటున్నాయి. చూడ్డానికి జనం వస్తారు, నేనూ వెళ్తాను. పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గట్ల వెంట బస్సు వెళ్తుంటే కిటికీలోంచి అటూ ఇటూ వెతుక్కుంటాను. ఇది కిక్కిసదిబ్బ అయి ఉండాలి, అది సున్నపు మెరక అయి ఉండాలి. గడ దించి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. గడ లేదు, దించే నీరూ లేదు.

ఈ సంక్రాంతికి గొట్టంలో రెండు పటాలు పెట్టాను. ఒకటి నేను గీసింది, రెండోది ఆ పిల్ల రంగులు వేసింది. రెండోదానిలో పడమటి వైపు పదకొండు చోట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆ వైపు వేట చేసినవాళ్ళలో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మాకు చెప్పిన బాబాయి కూడా మొన్న కార్తీకంలో పోయాడు.

మీ ఊళ్ళో చెరువో, వాగో, మడ అడవో, బీడో ఉండే ఉంటుంది. దాన్ని ఏ కాగితంలోనో ఎవరో తెల్లగా వదిలేసే ఉంటారు. ఆ నీటిలో, ఆ నేలలో బతికిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈ వారమే ఒక కాగితం తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. ఏ చోటు పేరేంటి, అక్కడ ఏం జరిగేది, ఎవరికి అందేది అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి. పంచాయతీలో ఇవ్వండి, పిల్లల బడిలో గోడకి పెట్టండి, కోర్టు దాకా వెళ్ళాల్సి వస్తే అక్కడికీ తీసుకెళ్ళండి. శాస్త్రజ్ఞులు ఉపగ్రహంతో వస్తారు, రావాలి కూడా. కానీ ఆ పేర్లు ఉపగ్రహానికి కనిపించవు. అవి తెలిసినవాళ్ళు ఉండగానే రాసుకోవాలి.